దీపం తగ్గింది నిజమే
(కౌన్సిలింగ్ కేంద్రాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



గృహహింస చట్టం గురించి మాట్లాడమని పిలిస్తే ఈవిడ సినిమా కబుర్లు మొదలుపెట్టిందేమిటని అనుకోకండి. నేను పదేపదే చూసే పాత సస్పెన్స్ సినిమా ఒకటుంది, ‘గ్యాస్‌లైట్’. ప్యాట్రిక్ హామిల్టన్ 1938 నాటి నాటకం ఆధారంగా 1940లో ఇంగ్లండ్‌లో ఒకసారి, 1944లో హాలీవుడ్‌లో మరోసారి తీశారు. నేను చెప్పేది రెండోదాని గురించి. దర్శకుడు జార్జ్ కుకర్. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది.

పాలాని పెంచిన పిన్ని లండన్‌లో తన ఇంట్లోనే హత్యకు గురవుతుంది. కొన్నేళ్లకి పాలా గ్రెగరీని పెళ్లాడి, అతని కోరిక మీద మళ్లీ ఆ ఇంటికే కాపురానికి వస్తుంది. ఇక అక్కడినుంచి వస్తువులు మాయమవుతుంటాయి. తను ఇచ్చిన బ్రూచి పోగొట్టావంటాడు. గోడమీది పటం తీసి దాచావంటాడు. నలుగురిలో సంగీతం వింటుండగా తన గడియారాన్ని ఆమె సంచీలోంచే బయటికి తీసి చూపిస్తాడు. కొట్టడు, తిట్టడు. జాలిగా మాట్లాడతాడు! నన్నడిగితే ఆ జాలే భయంకరం.

రాత్రి అతను బయటికి వెళ్లగానే గదిలో గ్యాస్ దీపం సన్నగిల్లుతుంది. పైన అడుగుల చప్పుడు. ఇంట్లో ఒకచోట దీపం వెలిగిస్తే మిగతా దీపాలకి గ్యాస్ తగ్గుతుంది, అంతే. పక్కనున్న ఖాళీ ఇంటి కప్పు మీదుగా అటకలోకి వచ్చి పిన్ని నగల కోసం వెతుకుతున్నది మొగుడే. ఈ సంగతి మనకి ముందే తెలిసిపోతుంది. తెలిసినా చూస్తాం. హంతకుడెవరన్నది కాదు, ఆమెని ఎవరైనా నమ్ముతారా అన్నదే ఇక్కడ సస్పెన్స్. అందుకే ఎనభై ఏళ్లు దాటినా ఈ సినిమా పాతబడలేదు. నమ్మడానికి స్కాట్లండ్ యార్డ్ నుంచి ఒక మగాడే దిగిరావాలా అని నాకు కోపమే అనుకోండి. కానీ దీపం తగ్గడం అతను తన కళ్లతో చూసిన క్షణంలో పాలా మొహం చూడండి.

వంటావిడ ఎలిజబెత్‌ని మాత్రం మరిచిపోవద్దు. ఇంటికి ఎవరు వచ్చారని గ్రెగరీ నిలదీస్తే, అమ్మగారిని కాపాడదామని ‘ఎవరూ రాలేద’ని అబద్ధమాడుతుంది. ఆ మాటతో పాలా తనకి పిచ్చేనని ఒప్పేసుకుంటుంది. మేలు చేద్దామనే అన్న మాట అది!

నేనూ అలాంటి పనే చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక టీచరమ్మ మా దగ్గరికి వచ్చింది. బీరువా తాళాలు పెట్టినచోట ఉండవు, జీతం డబ్బులో నోట్లు తగ్గుతాయి, తనకే మతిపోతోందేమోనని ఏడ్చింది. వెంట వచ్చిన భర్త ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కాఫీ తాగి వెళ్లాడు కూడా. నేను రిజిస్టర్లో ‘మతిమరుపు, డాక్టరుకి చూపించాలి’ అని రాశాను. ఒంటిమీద దెబ్బలు లేవు మరి.

మన 2005 చట్టంలో శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే హింస కూడా ఉంది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా భార్యని గుప్పిట్లో పెట్టుకోవడం 2015 చట్టంతో నేరమైంది. ఆ సినిమా పేరునుంచి పుట్టిన ‘గ్యాస్‌లైటింగ్’ని 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచింది. మాట దొరికింది, చట్టమూ ఉంది. కానీ డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు నింపేటప్పుడు మనం ముందు అడిగేది ఇప్పటికీ ‘కొట్టాడా?’ అనే. ఏ రోజు ఏం పోయింది, ఆ తర్వాత ఎక్కడ దొరికింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు అని అడగం.

ఏడాది తర్వాత ఆ టీచరమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి ఒక్కతే. స్కూలు నోటుపుస్తకంలో తేదీలతో సహా అన్నీ రాసుకొచ్చింది. ఎలా తోచిందమ్మా అంటే, పక్కింటి అక్క ‘తాళాలు మీ ఆయన జేబులో చూశాను’ అందట. ఆమె ఎదుటే పాత రిజిస్టరు తీసి నా రాత కొట్టేశాను. ఆమె ఏమీ అనలేదు. నోటుపుస్తకం నా ముందుకి జరిపింది.

ఇప్పుడు దీపం తగ్గే సన్నివేశం వేస్తాం. వెనకవాళ్లు కాస్త ముందుకి రండి.