గ్వానకాస్తే వృక్షము



క్రొత్త చెట్టేదైన కంటబడినప్పుడు మన గ్రామములలోని పెద్దలు మూడు ప్రశ్నలు వేయుదురు. ఇది నీడ యిచ్చునా? కఱ్ఱ పనికివచ్చునా? పశువు మేయునా? నేడు నేను మీకు వర్ణింపబోవు వృక్షము ఈ మూడింటికిని ఔననియే బదులు చెప్పగలదు. అయితే దాని కాయను చేతబట్టి చూచిన శాస్త్రజ్ఞులకు నాల్గవ ప్రశ్న యొకటి తోచినది. ఈ కాయ యెవరికొఱకు పుట్టినది? వృక్షశాస్త్రము బోధించువాడనగుటచే ఈ ప్రశ్నను మీ యెదుట నుంచవలెనని నాకు చాల కాలముగా కోరిక కలదు.

ఉత్తర అమెరికాను దక్షిణ అమెరికాతో కలుపుచు సన్నని భూభాగమొకటి కలదు. అదియే మధ్య అమెరికా. అందు కోస్తారికా యను చిన్న దేశము, ఆ దేశమునకు వాయవ్యమున పసిఫిక్ సముద్రమువైపు గ్వానకాస్తే యను మండలము కలవు. అచ్చట డిసెంబరు మొదలు మే నెల నడుమ వఱకు వానలుండవు. ఆ దినములలో అడవి యంతయు ఆకు రాల్చి, మన దక్కను అడవుల వలెనే మోడువాఱి నిలుచును. ఆ మండలమునకు పేరిచ్చినది మన చెట్టే. ప్రాచీన మెక్సికో వాసుల నావాతల్ భాషలో ఈ పేరునకు చెవిచెట్టు అని యర్థము. కాయ అచ్చముగా మనుష్యుని చెవి వలె నుండుటచే ఆ పేరు వచ్చినది. మెక్సికో మొదలు దక్షిణ అమెరికా ఉత్తరపు కొన వఱకు ఇది సహజముగా పెరుగును. 1959వ సంవత్సరమున కోస్తారికా ప్రభుత్వమువారు దీనిని జాతీయవృక్షముగా ప్రకటించిరి.

శాస్త్రజ్ఞులు దీనికిడిన పేరు ఎంటరోలోబియమ్ సైక్లోకార్పమ్. మొదటి మాటకు ప్రేగు వంటి కాయ గలదియనియు, రెండవదానికి గుండ్రని కాయ గలదియనియు అర్థము. 1860లో గ్రీజెబాఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరును స్థిరపఱచెను. ఇది మన తుమ్మకు, దిరిసెనకు, సీమచింతకు దాయాది. మన రోడ్ల ప్రక్కల నీడనిచ్చు నిద్రగన్నేరునకు మఱింత దగ్గఱి చుట్టము. ఆ నిద్రగన్నేరును, సీమచింతయు గూడ అమెరికా ఖండమునుండి మన దేశమునకు వచ్చినవే.

ఇక దీని ఆకారము. ముదిరిన చెట్టు 80 మొదలు 100 అడుగుల ఎత్తు పెరుగును. మాను అడ్డుకొలత 6 అడుగులకు పైబడుట కలదు. బయట నొంటరిగా పెరిగినచో కొమ్మలు నలువైపుల చాచి గొడుగు పట్టినట్లుండును. ఎత్తు కన్న కొమ్మల వ్యాప్తియే యెక్కువగా నుండు చెట్లును కలవు. మిట్టమధ్యాహ్నమున పశువుల మంద యంతయు దాని క్రింద నిలువవచ్చును. బెరడు బూడిదరంగు. దానిపై నిలువుగా ఎఱుపు కలసిన గోధుమవన్నె చీలికలుండును. ఆకు జానెడు మొదలు మూరెడు వఱకు పొడవుండి, నడిమి యీనెనుండి జంటలు జంటలుగా పిల్లయీనెలు చీలి, వానికి ఇరువైపుల సన్నని చిట్టాకులు దువ్వెనపండ్ల వలె అమరియుండును. ప్రొద్దు గ్రుంకగానే ఆ చిట్టాకులు ముడుచుకొని నిద్రించును.

చేవ ఎఱుపుగలసిన గోధుమరంగు. బరువు తక్కువయైనను నీటికి త్వరగా చెడదు. కావున ఆ దేశీయులు దీనితో దోనెలు తొలుచుదురు, పశువుల నీటితొట్లు, తలుపులు, బల్లలు చేయుదురు. కోయునప్పుడు లేచు పొడి మాత్రము ముక్కును, కన్నులను మండించును. బెరడునందును, కాయయందును మన కుంకుడుకాయలో వలె నురుగునిచ్చు పదార్థముండుటచే వానిని బట్టలుతుకుటకు వాడుదురు.

ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల నడుమ క్రొత్త చిగురుతోపాటు తెల్లని పూలు గుత్తులుగా పూచును. ఒక్కొక్క పూవు అల్పమైనదే కాని, గుత్తికి రమారమి ఏబది చేరి బంతివలె గుండ్రముగా నగపడును. పిమ్మట వింత యొకటి జరుగును. పూచిన వెంటనే కాయ యెదుగదు. పిందె మాసముల తరబడి వానకాలమంతయు చిన్నదిగానే యుండి, మరుసటి యెండకాలము వచ్చిన పిదప వేగముగ పెరిగి, నల్లకలసిన గోధుమరంగున నిగనిగలాడుచు పండి రాలును. వానలు మొదలగుటకు ముందే చెట్టు క్రింద కాయలు పఱచుకొనియుండును.

ఆ కాయ 3 మొదలు 5 అంగుళముల వెడల్పుగలది. లోపల తియ్యని జిగట గుజ్జు, ఆ గుజ్జులో పది మొదలు పదునాఱు వఱకు గింజలుండును. గింజ రమారమి చింతపిక్కయంత. దాని పైపెంకు ఱాయి వంటిది. నీటిలో వేసినను వెంటనే నానదు. ఆకురాయితో కొంచెము గాటు పెట్టినచో మాత్రము ఒకటి రెండు దినములలో ఉబ్బి మొలకకు సిద్ధమగును.

ఇక్కడనే చిక్కు కలదు. ఈ కాయ తనంత తాను పగులదు. గింజకు ఱెక్క లేదు, గాలి మోయలేదు. కాయ యంత పెద్దదిగా నుండుటచే పక్షి మ్రింగలేదు. ఎవ్వరును ఎత్తుకొనిపోనిచో తల్లిచెట్టు క్రిందనే పడి వానకు క్రుళ్లును. మఱి ఇంత తియ్యని గుజ్జును, ఇంత గట్టి గింజను చెట్టు ఎందుకు సిద్ధపఱచినట్లు?

మీలో గొఱ్ఱెల మందలు కట్టించినవారికి సమాధానము కొంత తెలిసియే యుండును. తుమ్మకాయలు మేసిన మేకలు, గొఱ్ఱెలు పొలములో పండుకొన్నచో, తొలకరి పిమ్మట అచ్చటచ్చట తుమ్మమొక్కలు లేచును. గుజ్జు కూలి, గింజను మోయుట పని. కూలి యిచ్చి పని చేయించుకొనుట చెట్ల లోకమందును కలదు. గ్వానకాస్తే కూడ అట్టి కూలియే సిద్ధము చేయుచున్నది. కాని అచ్చటి అడవులలో నేడున్న జంతువులలో ఆ పని నిండుగ చేయునది కానరాదు. కొన్ని జంతువులు గింజను నమలి నలుగగొట్టును. చెక్కిళ్లలో సంచులుగల చిన్న ఎలుక యొకటి గింజలను ఏరి కలుగులో దాచి తినును.

1982లో డానియల్ జాన్‌జెన్, పాల్ మార్టిన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు ఈ చిక్కునకు ఒక సమాధానము చెప్పిరి. పదివేల యేండ్లకు పూర్వము వఱకు ఆ ఖండమున ఏనుగులను బోలిన గాంఫోథీరులు, నేలపై దిరుగు మహాకాయములైన స్లాత్‌లు, అడవి గుఱ్ఱములు ఉండెడివి. ఆ మృగములే కాయను మొత్తముగ మ్రింగి, గింజను దూరదూరములకు మోసెడివని వారి యూహ. మృగములు నశించెను, చెట్టు మాత్రము కూలి సిద్ధముచేయుట మానలేదు. పదునాఱవ శతాబ్దిలో స్పెయిను దేశీయులు గుఱ్ఱములను, పశువులను తెచ్చినప్పుడు చెట్టునకు మరల మోతగాండ్రు దొరకిరి. జాన్‌జెన్ గుఱ్ఱములకు ఈ గింజలను మేపి చూచెను. కొన్ని కడుపులోనే నాని జీర్ణమయ్యెను. కొన్ని చెడక లద్దితో బయటపడెను.

ఈ యూహను అందఱును అంగీకరింపలేదు. 1985లో హెన్రీ హౌ అను శాస్త్రజ్ఞుడు దీనిని విమర్శించి, ఇప్పుడున్న జంతువుల పనిని తక్కువగా నెంచరాదని వాదించెను. నశించిన మృగమును సాక్షిగా పిలువలేము గదా! కాని ఒక్క సంగతి మాత్రము కంటికి కనబడునదే. గుఱ్ఱము గాని పశువు గాని తిరుగని చోట ఈ కాయలు చెట్టు క్రిందనే కుప్పలుగా పడియుండును.

దీని ఫలితమేమి? ఆ మండలమున శతాబ్దముల తరబడి అడవులు నఱికి పచ్చికబయళ్లు చేసిరి. ఆఫ్రికానుండి తెచ్చిన హరాగ్వా గడ్డి యేటేట తగులబడి మొలకలను మాడ్చెడిది. పాత పశువులదొడ్డి యుండిన సాంతారోసాయందు 1971లో రక్షితవనము నేర్పఱచిరి. తరువాత జాన్‌జెన్ దంపతులు స్థానికులతో కలసి చుట్టుప్రక్కల భూములను చేర్చి, మంటలను ఆపి, అడవిని తిరిగి రాబట్టిరి. 1999లో ఆ ప్రదేశము ప్రపంచవారసత్వ స్థానముగా గుర్తింపబడెను. మంటలాగిన పచ్చికబయలున ముందుగ లేచినవి గాలికి గింజ లెగురు చెట్లు. జంతువు మోయవలసిన గింజలు గల చెట్లు వెనుకబడెను. నేల యున్నది, వాన యున్నది, తల్లిచెట్టును ఉన్నది, మోతగాడు చాలలేదు.

చెట్టును నఱుకకుండుట మాత్రమే చెట్టును కాపాడుట కాదని ఈ దూరదేశపు వృక్షము మనకు తెలుపుచున్నది. ముసలి మాను నూఱేండ్లు పచ్చగా నిలిచియుండవచ్చును. దాని పిల్ల యేదియని యడిగినప్పుడే దాని స్థితి తెలియును. మీ ఊరిబయట మఱ్ఱి, రావి, వేప, ఇప్ప కలవు. గోడ పగులులో రావిని నాటినది పక్షి. వేపపండు తిని గింజను విడుచునదియు పక్షియే. ఈ యేడు ఆ చెట్ల క్రింద మొలకలున్నవో లేవో చూడుడు. దూరపు గట్లమీద క్రొత్త మొక్క కనబడుచున్నదో లేదో చూడుడు. మీ చిన్ననాడు ఆ పండ్లకు మూగిన పక్షులు, గబ్బిలములు, జంతువులు ఏవో, అందు నేడు రానివి యేవో పిల్లలకు చెప్పుడు. అది మీ తరమువారికి మాత్రమే తెలిసిన లెక్క. ఆ లెక్క పిల్లల చేతికి అందినచో, మోతగాడు తగ్గిన చోట గింజను తామే తీసికొనిపోయి నాటగలరు.