సైస్మిక్ డేటాలో పొంతన

కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాసు వెతకాలంటే ముందు సైస్మిక్ సర్వే చేస్తారు. సముద్రంలోనైతే ఓడ వెనక ఎయిర్‌గన్ పేలుస్తారు. రాతిపొరలను తాకి వెనక్కొచ్చిన ధ్వనిని పొడవాటి కేబుళ్లలోని హైడ్రోఫోన్లు పట్టుకుంటాయి. ఆ రికార్డుల నుంచి పొరల బొమ్మ గీసేముందు, వాటిలో పొంతన ఉందో లేదో చూడాలి.

ఈ రికార్డులను దాచేందుకు 1975లో వచ్చిన సెగ్-వై ఫైలులో ప్రతి ట్రేసుకూ, అంటే ఒక్కో పేలుడుకు ఒక్కో రిసీవర్ (హైడ్రోఫోన్) పట్టిన రికార్డుకూ, ముందు 240 బైట్ల హెడర్ ఉంటుంది. పేలుడు ఎక్కడ, రిసీవర్ ఎక్కడ, ఎన్ని మిల్లీసెకన్లకొక నమూనా, అన్నీ అందులోనే. అసలు చిక్కూ అక్కడే. 2 మిల్లీసెకన్లకొకటి చొప్పున తీసిన నమూనాలను హెడర్‌లో 4 మిల్లీసెకన్లకొకటని రాస్తే పొరలన్నీ రెట్టింపు సమయంలో కనబడతాయి. బొమ్మ మాత్రం చూడ్డానికి చక్కగానే ఉంటుంది!

ఇలాంటి తప్పులు పట్టడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. పేలుడుకూ రిసీవర్‌కూ మధ్య దూరం 3000 మీటర్లని హెడర్ చెబితే, నీటిలో నేరుగా వచ్చే తరంగం దాదాపు 2 సెకన్లకు చేరాలి. చేరలేదా, దూరమో సమయమో తప్పన్నమాట. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, భాగహారం వస్తే చాలు.

పాత సర్వేను కొత్తదానితో కలిపేటప్పుడు మరో తంటా. పాత మ్యాపుల్లో ఎవరెస్ట్ డేటమ్ (స్థానాలను లెక్కించే ఆధారం) ప్రకారం ఉన్న స్థానాలను ఇప్పటి జీపీఎస్ డేటమ్‌లోకి మార్చకపోతే, సర్వే గీత వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. ధ్రువత కూడా చూడాలి: సముద్రపు అడుగు ఒక సర్వే తరంగంలో శిఖరంగా, మరోదానిలో లోయగా కనిపిస్తే, ఒకదాన్ని తిరగేశాకే రెంటినీ కలుపుతారు.