పందికి తగిన తూటా
(సంఘం సభలో చేసిన ప్రసంగం)



మక్క, వేరుశనగ చేలను అడవిపందులు రాత్రికి రాత్రే తవ్వేస్తున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద, పంట పాడుచేసే పందిని కాల్చడానికి అధికారి రాతపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతితో వచ్చే షూటర్‌ను ముందు ‘ఏ తూటా తెచ్చారు?’ అని అడగండి. పిట్టలను కొట్టే సన్న గుళ్లు మగపంది భుజం మీది మందపాటి తోలు దాటవు. గాయపడ్డ పంది మనిషి మీదికే తిరగబడుతుంది. 12 బోరు తుపాకీ అయితే దగ్గర నుంచి ఎల్‌జీ గుళ్లు, .315 రైఫిల్ అయితే మెత్తని మొన తూటా కావాలి. రైఫిల్ తూటా చాలా దూరం పోతుంది. పంది వెనక మట్టిగట్టు ఉంటేనే కాల్చాలి.

కరెంటు తీగలు పెట్టొద్దు; అవి మన మనుషులనే బలిగొంటున్నాయి. అనుమతులు, నష్టపరిహారం ఊరూరా కలిసి అడుగుదాం!