కీలుబొమ్మల వెంట నడచిన యంత్రశాస్త్రజ్ఞుడు



కీలుగుఱ్ఱపు కథ విననివారు మన యూళ్లలో నరుదు. కొయ్యతో చేసిన ప్రాణి కదలవలెనన్న కోరిక మనకు క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దమున ధారానగరము నేలిన భోజరాజు తన సమరాంగణసూత్రధారమున నొక యధ్యాయమును యంత్రములకే విడిచి, తేలికకొయ్యతో చేసిన పక్షిని, వాకిలి కాచు కొయ్యబంటును వర్ణించెను. వాని నిర్మాణమును మాత్రము విప్పి చెప్పలేదు. తెలియక కాదు, మర్మము గోప్యముగా నుండవలెనని ఆయనయే వ్రాసికొనెను.

అట్టి మర్మమును నేలపై కూర్చుండి నలుగురికిని చూపినవాడు అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డరు. ఆయన 1898లో పెన్సిల్వేనియాలో జన్మించెను. ఫిలడెల్ఫియా నగరభవనముపై నిలిచిన విలియం పెన్ను విగ్రహము ఆయన తాత చేసినదే. తండ్రి శిల్పి, తల్లి చిత్రకారిణి. అట్టి యింటివారే కొడుకు కళాకారుడు కాగూడదని తలచిరి. కళను నమ్ముకొన్న యింట బియ్యపు లెక్క యెట్లుండునో వారికంటె నెవరికి తెలియును!

కొడుకు వారి తలపునకు ఎదురాడలేదు. హొబోకెనులోని స్టీవెన్సు విద్యాలయమున యంత్రశాస్త్రము చదివి 1919లో పట్టము పొందెను. తరువాత జలయంత్రముల పని, నక్షాలు గీయు పని, ఇట్లు పెక్కు కొలువులు. 1922లో ఓడలో బాయిలరు చెంత పనిచేయుచు, గ్వాటిమాలా తీరమున నొక వేకువను, ఒక దిక్కున ఎఱ్ఱని సూర్యుని, ఎదుటి దిక్కున వెండినాణెమువంటి చంద్రుని ఒక్కసారిగా చూచెను. ఆ పిమ్మట అడవిలో కలపకూలీల హాజరు లెక్క వ్రాయుచునే, ఇంటికి జాబు వ్రాసి రంగులు తెప్పించుకొనెను. 1923లో న్యూయార్కున చిత్రకళాశాలలో చేరెను.

మన యూళ్లలో వడ్రంగి కొడుకు ఇంజనీరైనచో అందఱును హర్షింతురు. ఇంజనీరు వడ్రంగి యగుదునన్నచో పిల్లనిచ్చువా డెవడు? చదువు నేలపాలైనదని ఏడ్తురు. కాల్డరు చదువు నేలపాలు కాలేదు. అది యెచ్చటికిని పోలేదు.

1926లో పారిసు చేరి ఆయన తీగ, కొయ్య, బెండు, గుడ్డపీలికలతో నొక బుల్లి సర్కసు చేసెను. పెట్టెలలో సర్దుకొని పోయి మిత్రుల యిండ్ల విప్పెడివాడు. దారము లాగుట, మర త్రిప్పుట, సింహము వలె గర్జించుట, అన్నియు తానే. 1927లో ఒక అమెరికా కంపెనీకి కొయ్య ఆటబొమ్మల నమూనాలు చేసి యిచ్చెను. అందొకటి గెంతు కంగారూ. ఇరుసును చక్రమునకు నడుమ గాక ప్రక్కగా గ్రుచ్చినచో బండి యెగిరెగిరి నడచును. బండివాడు దోషమనునది బొమ్మకు ప్రాణమైనది!

1931లో ఆయన చలనశిల్పములకు మార్సెల్ దుషాం ‘మొబైల్’ అని పేరిడెను. వాని కీలకము మన త్రాసే. కడ్డీకి ఒకవైపు మూరెడు దూరమున నాలుగు తులములు వ్రేలాడగా, అవతల నాలుగు మూరల దూరమున నొక్క తులము వానిని నిలుపును. అట్టి కడ్డీని మఱియొక కడ్డీకి, దానిని ఇంకొకదానికి, చిన్నదానితో మొదలిడి పైకి తూచుకొనుచు పోవలెను. గాలి తగిలినచో అన్నియు వేర్వేఱుగా తిరుగును, ఏదియు పడదు. గుమాస్తా కొలువున నేర్చినది కాదిది, కళాశాలలో నేర్చినదే.

ఆ కాలపుదే మఱియొక కృతి కలదు. పైకప్పునుండి వ్రేలాడు కడ్డీకి ఒక బరువైన ఇనుపగుండు, ఒక చిన్న కొయ్యగుండు. క్రింద సీసాలు, డబ్బా, పెట్టె, గంట. ఇనుపగుండును నెట్టినచో కొయ్యగుండు ఏ సీసాను తాకునో, దేనిని తప్పునో చేసినవాడును చెప్పలేడు. శాస్త్రము తెలిసినవాడే శాస్త్రమునకు అందని ఆటను కట్టగలిగెను.

1955లో ఆయన గిరా సారాభాయి ఆహ్వానమున అహమ్మదాబాదు వచ్చి అచ్చటను శిల్పములు చేసెను. 1976లో కన్నుమూసెను. ఆ బుల్లి సర్కసు న్యూయార్కున విట్నీ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. ఆడించు చేతులు లేవు గనుక బొమ్మలు నిలిచిపోయినవి. 1961లో కార్లోస్ విలార్దెబో తీసిన చలనచిత్రమున మాత్రము నెఱసిన తలతో కాల్డరు నేలపై కూర్చుండి దారము లాగుచున్నాడు.