ఆట కట్టుట



పెన్నకు ఉత్తరపు గట్టున, నెల్లూరికి ఎదురుగా నున్నది మా కోవూరు. 34 ఏండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విరమించినవాడను. పుస్తకము చాటున ఆటలాడు పిల్లలను బెంచీ యెక్కించినవాడనే గాని, ఆటలను గూర్చి ప్రసంగింతునని కలలో నైనను అనుకొనలేదు. ఈ సాహసమునకు కారణము మా చెల్లెలి మనుమడు. వాడు ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారుచేయు నొక సంస్థలో రెండేండ్లు పనిచేసెను. 2024లో ఒకనాటి ఉదయమున ఆ సంస్థ తన పనివారిలో చాలమందిని సెలవు పుచ్చుకొండనెను. వారిలో మావాడొకడు. పెట్టె సర్దుకొని కోవూరు వచ్చి, మా యింటి వసారాలో బల్ల వేసికొని కూర్చుండెను.

వాని తండ్రి నాకు మేనల్లుడు. ఒక సాయంకాలము నా యొద్దకు వచ్చి, "మామయ్యా, వాడు మీ మాట వింటాడు. బ్యాంకు పరీక్షలకు కూర్చోమని చెప్పండి. ఇంకా బొమ్మలాటలాడుకుంటా ఉంటే ఇల్లు గడిచేదెట్లా?" అనెను. అతని మాట తప్పని నేననను. సంసారము చేయువాని భయము అది.

చెప్పుదునంటిని. చెప్పుటకు ముందు వాడేమి చేసెనో చూడవలెను గదా యని, "నీవు సొంతముగా చేసినవేవో చూపుమురా" అంటిని. అయిదు చూపెను. వానిలో పూర్తియైన దొక్కటియు లేదు. ఒకదానిలో తాటిచెట్టెక్కువాడు సగము చెట్టు ఎక్కి నిలిచిపోవును. మఱియొకదానిలో పెన్న వరదలో పడవ నడుపవలెను గాని అవతలి గట్టు ఇంకను గీయలేదు. నేను నవ్వితిని. వెంటనే సిగ్గుపడితిని. నా పెట్టెలో మూడాశ్వాసములతో ఆగిపోయిన కావ్యమొకటి 40 ఏండ్లుగా పడియున్నది. నన్నయగారు అరణ్యపర్వమున ఆపినచో ఎఱ్ఱన వచ్చి పూరించెను. మా బోంట్ల పనికి ఎఱ్ఱనలు రారు.

ఈ ఆటలను దేనితో చేయుదువని అడిగితిని. ఉచితముగా దొరకు సాధనమొకటి కలదట. అర్జెంటీనా దేశీయులైన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మన్‌జూర్ అనువారు నిర్మించి, 2014లో అందఱికిని బాహాటముగా విడిచిపెట్టిరి. పేరు గొడో. ఎంత ఎదురుచూచినను రానివానిని గూర్చిన యొక నాటకమునుండి ఆ పేరు తీసిరట. ఈ మాట వాని తండ్రికి చెప్పకుమంటిని.

పిమ్మట వాడు గ్లోబల్ గేమ్ జామ్ అను నొక యుత్సవమును వర్ణించెను. ఇది 2009 మొదలు ఏటేట జరుగుచున్నది. ప్రపంచమంతట నగరనగరమున యువకులు గుమిగూడుదురు. అంశము అప్పుడే ప్రకటింతురు. సామాన్యముగా 48 గంటలలో ఒక చిన్న యాట చేసి చూపవలెను. 2023లో అంశము 'వేళ్లు'. 2024లో 'నన్ను నవ్వింపుము'. ఆ 2023లో మావాడు మునుపెన్నడు నెఱుగని మువ్వురితో కూడి, నీటికై నేలలో వెదకు చింతచెట్టు వేళ్లను ఆటగా చేసెను. వినినంతనే నాకు అవధానము స్మరణకు వచ్చినది. సమస్య పరులది, గడువు పరులది, పూరణ మాత్రము తనది. అవధాన పద్యములన్నియు గొప్పవి గావు. అట్లని అవధానికి ఆ సాధన వృథాయని ఎవరందురు?

అయిదవది పులిజూదము. ఇది మనవారెఱుగనిది గాదు. అరుగులమీదను గుడి బండలమీదను గీచిన గీతలు నేటికిని కనబడును. త్రికోణపు పటము, గీతలు కలియు కూడళ్లు 23, పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా నిలుపవలెను. పదునైదును నిలిపినదాక వానిని కదపరాదు. ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీ కూడలికి దుమికి పులి దానిని చంపును. పులులకు కదలుటకు చోటు లేకుండ చేసినచో మేకలు గెలిచినట్లు. మావాని యాటలో పులులను కంప్యూటరు నడుపును.

నేను మేకలను పట్టితిని. వరుసగా నాలుగాటలు గెలిచితిని. వాని ముఖము చిన్నబోయినది. రహస్యము మా అమ్మమ్మ చెప్పినదే: పులికి ఒక మేకను ఎరవేయుము, అది దుమికి మూలకు పోవును, తిరిగి వచ్చు దారిని మూయుము. దొరికినదెల్ల తినితీరవలెనన్న నియమము పులికి లేదు. కాని వాని పులి దొరికిన ప్రతి మేకను తినెను. "నీ పులికి ఆకలి తెలియును గాని ఆలోచన తెలియదురా" అంటిని.

వాడు రెండు వారములు గదినుండి కదలలేదు. వాడు చేసినది నాకు తెలిసినంతవఱకు చెప్పెదను. నేనిది కదపితినేని ఎదుటివాడేమి చేయును, దానికి బదులు నేనేమి చేయుదును, మరల అతడేమి చేయును, ఇట్లు కొన్ని యెత్తుల దూరము యంత్రముచే లెక్కింపజేయుట. కొమ్మలు, వాని రెమ్మలు, వాని ఆకులు. వినుచుండగా నాకు నలోపాఖ్యానములోని ఋతుపర్ణుడు కన్నులకు గట్టెను. పోవు రథమునుండి తాండ్రచెట్టును చూచి ఆకులను కాయలను లెక్కచెప్పిన రాజు. నలునకు అతడిచ్చిన అక్షహృదయము మంత్రము గాదు, గణితమని నాకు 60 ఏండ్లు దాటిన పిదప ఒక కుఱ్ఱవాని వలన తోచినది.

2025 ఆగస్టులో నా మేనల్లుడు పత్రిక చేతబట్టుకొని పరుగున వచ్చెను. "గేములన్నీ నిషేధించారంట మామయ్యా!" చదివి చూచితిని. పార్లమెంటు చేసిన శాసనము సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించినది. ఈ-స్పోర్ట్సును, సొమ్ముతో పనిలేని వినోదపు ఆటలను ప్రోత్సహింపవలెనన్నది. మన రాష్ట్రమున ఆన్‌లైను జూదమును 2020లోనే నిషేధించియుండిరి. పందెము పాపము గాని ఆట పాపము గాదు. ధర్మశాస్త్రము దూషించినది పణమొడ్డిన ద్యూతమును. పేరున జూదమున్నను మావాని యాటలో పైసకు పనిలేదు. ఇది నా మేనల్లునికి నచ్చచెప్పుటకు రెండు పూటలు పట్టినది.

ఇంతలో వాడు మా వీథి పిల్లలను పిలిచి ఆడించెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె మేకను నిలుపుట తెలియక పులినే పలుమాఱు తాకుచుండెను. "అది గాదమ్మా" యని నేను నోరు తెఱవబోగా వాడు నా చేయి పట్టుకొనెను. ఆడువారికి చేసినవాడు చెప్పరాదట. వారు తడబడుచోట్లను వ్రాసికొనవలెనట. 34 ఏండ్లలో నేను పాఠము చెప్పుచు ఒక్కనాడైన నట్లు మౌనముగా చూడలేదు. పిల్ల తడబడినచో తప్పు పిల్లదే యనుకొంటిని.

ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్సు అను పరిశ్రమవారి సమ్మేళనము అంతకుముందు హైదరాబాదున జరుగుచుండెను. 2025 నవంబరులో చెన్నపట్టణమున జరిగినది. మనకు చెన్నపట్టణము పొరుగూరు వంటిది. టిక్కెట్టు సొమ్ము సగము నేను, సగము వాని తండ్రి ఇచ్చితిమి. తండ్రి ఇచ్చునప్పుడు మాటాడలేదు. అదియు ఒక విధమైన అంగీకారమే. మావాడు నెల్లూరిలో పినాకిని యెక్కి పోయెను. అంగడి పెట్టుకొను స్తోమత లేదు గనుక చంకలో కంప్యూటరుతో నడవలలో తిరిగి, ఆగినవారిచే ఆడించెనట. 11 మంది ఆడిరి. ఏడుగురు అయిదవ మేకను నిలుపకముందే లేచిపోయిరి. ఒకాయన మాత్రము చివరివఱకు ఆడి, "మేకల పక్షము గెలుపు ఇంత ఆలస్యమైన నెవరు కూర్చుందురు?" అని యడిగెను. ఉద్యోగము దొరకలేదు. పుస్తకమునిండ వ్రాత తెచ్చుకొనెను.

ఇప్పుడు పగలు పరుల యాటలకు బొమ్మలు గీచి కొంత సంపాదించుచున్నాడు. రాత్రి తన పని. స్టీము అను అంగడిలో ఆటను పెట్టుటకు 100 డాలర్లు కట్టవలెను, దానికై కూడబెట్టుచున్నాడు. ఉగాది వఱకు తండ్రి గడువిచ్చెను. నేను బ్యాంకు పరీక్షల మాట చెప్పితినా యని అడుగుదురేమో. చెప్పితిని. దరఖాస్తు పెట్టినాడు కూడ.

'ఆట కట్టు' అనగా మన భాషలో ఎదుటివాని ఓటమి. మావాడు అదే మాటను నిర్మాణమను అర్థమున వాడుచున్నాడు. వ్యాకరణమున అభ్యంతరము లేదు. నిన్న రాత్రి క్రొత్త పులిని తెచ్చి నా ముందు పెట్టెను. ఎరవేసితిని. ముట్టలేదు. రెండవ ఎరయు ముట్టలేదు. నా మేకలు కదలలేని చోటికి వచ్చినవి. రెండాటలు ఓడితిని. మూడవది నేటి రాత్రికి వాయిదా వేసితిని.