మొదటి లెక్క
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు గుర్తుగా ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. దాని గురించి పెద్దలు చెప్పారు. నేను డి.ఎ. బకాయిల ఊసెత్తను. రిటైరయ్యాక మనలో చాలామందికి దొరికిన సాయంత్రపు ఉద్యోగం గురించి చెబుతాను. అదే, మనవళ్ల చేత హోంవర్కు చేయించడం!

మా మనవడు నాలుగో తరగతి. లెక్కల పుస్తకం తీస్తే చాలు, పెన్సిల్ విసిరేస్తాడు, మంచం కింద దూరతాడు. పొగరనుకున్నాను. ఒకరోజు చెయ్యి చేసుకున్నాను. వారం రోజులు వాడు నా దగ్గరికి రాలేదు. డెబ్బయి దాటినవాడికి అంతకు మించిన శిక్ష ఏముంటుంది?

తిరుపతిలో డాక్టరుకు చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నారు. ఇలాంటి పిల్లలకు కుదురుగా కూర్చోవడం, నచ్చని పని మొదలుపెట్టడం నిజంగానే కష్టమట. సోమరితనం కాదు, పెంపకం లోపమూ కాదు.

అప్పుడు నా గుమాస్తా రోజులు గుర్తొచ్చాయి. చిత్తూరులో పనిచేసేటప్పుడు లావుపాటి ఫైలు చూస్తే నాకూ గుండె జారేది. "ముందు నాలుగు చిన్న టపాలు పూర్తి చెయ్యవయ్యా, ఆ ఊపులో దాన్ని విప్పు" అనేవారు మా సూపరింటెండెంటు గారు. మనవడికీ అదే పెట్టాను. బాగా వచ్చిన కూడికలు మూడు, వెంటనే భాగహారం ఒకటి. కాగితం మీద అంతే. పలకా, నోటుబుక్కా, అరుగు మీదా, లోపలా అన్నది వాడి ఇష్టం.

"నాలుగు లెక్కలు చెయ్యి నాయనా, తరువాత బ్యాటు పట్టుకో" అంటుంది వాళ్లవ్వ. 1959లో డేవిడ్ ప్రిమాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిందీ ఇదే. అక్కడివాళ్లు దీన్ని 'అవ్వ సూత్రం' అనే అంటారు!

దూరమెందుకు? మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు పల్లెబడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ బిడ్డయినా తానున్న మెట్టు నుంచే మొదలుపెడతాడు. మామూలు పిల్లలకే అది అవసరమైనప్పుడు మావాడికి అక్కరలేదా?

ఇప్పటికీ కొన్ని రోజులు పెన్సిల్ ఎగురుతుంది. అయితే మొన్న నాలుగూ చేసి, "తాతా, ఇంకొకటి ఇయ్యి" అన్నాడు. నా పెన్షన్ ఉత్తర్వు చేతికందిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

మీ ఇళ్లలో ఇలాంటి బిడ్డ ఉంటే కొట్టకండి. డాక్టరుకు చూపించండి. మొదటి లెక్క తేలికగా ఇవ్వండి.