నడకయందలి పొదుపు



కోత ముగిసిన వరిమడిని చూడుడు. నిన్నటివరకు గట్టుమీదనే నడచిన జనము నేడు మడికి అడ్డముగా పోవుచుందురు. నాలుగు దినములు గడచునప్పటికి ఈ మూలనుండి ఆ మూలకు తెల్లని కాలిబాట తేలును. దానిని వేయుమని ఎవరును ఆజ్ఞ యీయలేదు. లెక్క మాత్రము సరిగనే యుండును. పొడవును వెడల్పును నూరేసి మీటర్లున్న మడికి గట్టువెంట పోయిన 200 మీటర్లు, అడ్డముగా పోయిన సుమారు 141. గొలుసు లాగి భూమి కొలిచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

మరి అదే మడి దమ్ముచేసి యున్నప్పుడు ఆ దగ్గరదారిని ఎవడును త్రొక్కడేమి? ఆసామి కేకలు ఒక కారణము. రెండవ కారణము కాళ్ళకు తెలియును. మెత్తని ఇసుకలో నడచుటకు గట్టినేలమీదకంటె రెండురెట్లకు మించిన శక్తి వ్యయమగునని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిరి. దమ్ముచేసిన బురద ఇసుకకంటె ఉదారమైనది కాదు. దూరమున మిగిలిన 59 మీటర్లు బురదలో వడ్డీతోసహా పోవును.

దగ్గరదారి చూచుకొనువానిని సోమరి యనుట వాడుక. అది న్యాయమైన మాట కాదు. అన్నము దొరకుట కష్టమైన కాలములలో పెరిగిన దేహమిది. తిన్న ముద్దకు ఎంత నడక వచ్చునో అది యజమానిని అడుగకయే లెక్క చూచుకొనును.

తొందర లేక ఒంటరిగా నడచువాని వేగము గంటకు ఇంచుమించు 5 కిలోమీటర్లు. అంతకంటె మిక్కిలి వేగముగా నడచినను, మిక్కిలి మెల్లగా నడచినను కిలోమీటరుకు పడు ఖర్చు పెరుగును. మెల్లగా నడచినచో తగ్గవలెను గదా యని సందేహము కలుగవచ్చును. గంటకు పడు ఖర్చు తగ్గుట నిజమే. కాని దారిలో గడచు కాలము పెరుగును. ఆ కాలమంతయు గుండెకు, ఊపిరికి, నిలిచియున్నందుకు ఈయవలసినది ఈయక తప్పదు. దినకూలికి మనుష్యులను పెట్టి పని సాగదీసిన ఆసామికి ఈ మర్మము బాగుగ తెలియును.

నడకలో ఒక చమత్కారము గలదు. నేల నూనిన కాలిమీదుగా దేహము కొంచెము పైకి లేచి, పిదప ముందునకు వ్రాలును. లేచినప్పుడు దాచుకొన్న శక్తి వ్రాలునప్పుడు వేగమై తిరిగి వచ్చును, తలక్రిందులు చేసిన గడియారపు లోలకము వలె. వేగము గంటకు సుమారు 7 కిలోమీటర్లు దాటునప్పటికి ఈ సదుపాయము చెడి, నడకకంటె పరుగే సుళువగును. పొట్టికాళ్ళవారికి ఈ హద్దు ఇంకను ముందే వచ్చును. తండ్రి వ్రేలు పట్టుకొన్న పిల్లవాడు నాలుగడుగులు నడచి రెండడుగులు పరుగెత్తుట అందుచేతనే. వానిని సరిగా నడువుమని గద్దించుట వలన ఫలము లేదు.

2015లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమువారు మోకాళ్ళకు ఒక యంత్రమును కట్టి, అలవాటైన అడుగు వారికి ఖరీదగునట్లు చేసిరి. నడచువారు కొలది నిమిషములలోనే అడుగు మార్చుకొనిరి. అందువలన మిగిలినది నూటికి 5 వంతులైనను లేదు. అంత చిల్లరను గూడ దేహము విడువదన్నమాట!

కొండదారులందును ఇదే పద్ధతి. వాలు మిక్కిలి నిటారైనచో తిన్నగా ఎక్కుటకంటె వంకరలుగా ఎక్కుట చౌక. పశువులు త్రొక్కిన దారులును అట్లే యుండును. అయితే దేహము పిసినారి యనరాదు. తిరుమలకు 1944లోనే ఘాట్ రోడ్డు ఏర్పడినను, అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు ఎక్కువారు నేటికిని ఎక్కుచునే యున్నారు. శ్రద్ధ ఉన్నచోట ఖర్చు చూడరు.

ఇక బరువు మాట. కెన్యా దేశమున తలమీద మోయుట అలవాటైన స్త్రీలు తమ బరువులో అయిదవవంతువరకు, శ్రమ వ్యయము పెరుగకయే మోయగలరని 1986లో పరిశోధకులు ప్రకటించిరి. ఇది విని ఆడువారికి బిందె ఒక బరువే కాదని అనుకొనువారుందురు. లెక్క పూర్తిగా చూడవలెను. 50 కిలోల మనిషికి అయిదవవంతు 10 కిలోలు. 15 లీటర్ల నీరు బిందె బరువు గాక 15 కిలోలు. హద్దు దాటినపిదప ప్రతి కిలోకును ఖర్చు పడును. ఆపైన వారు కొలిచినది పీల్చిన ప్రాణవాయువును గాని, మెడనొప్పిని కాదు. కావడి సంగతియు ఇట్టిదే. వంగు గొట్టములకు బరువులు కట్టి, భుజమున పెట్టుకొని పరుగెత్తి చూడగా, భుజముమీది అదురు తగ్గినది గాని శక్తి వ్యయము తగ్గలేదని 1991లో తేలినది. కావడివాని భుజమునకు కొంత సుఖము, కడుపునకు లేదు.

నీరు దూరమైనకొలది ఇంటికి వచ్చు బిందెలు తగ్గును. మొదట తగ్గునది చేతులు కడుగుకొను నీరు, పిల్లలకు స్నానము. కుళాయి ఎక్కడ పాతవలెనని పంచాయతీలో వాదించుకొను పెద్దలు స్థలపు ధరను లెక్కవేయుదురు. మోయువారి అడుగులను ఏ పుస్తకమునను వ్రాయరు. వ్రాసిన, చాల కుళాయిలు చోటు మారును.

గ్రంథాలయమును ఈ లెక్కకు బాహ్యము కాదు. పొలమునుండి వచ్చి కాళ్ళు కడుగుకొన్నవాడు మరల ఊరి చివరకు పోవలెనన్న, మనసు పొమ్మనును, కాళ్ళు వలదనును. ఈ సంగతి నెరిగిన పాతూరి నాగభూషణము గారు 1935లో కొల్లూరు నుండి పెసర్లంకకు కాలువలో పడవమీద గ్రంథాలయమును నడపించిరి. పాఠకుని నడక రేవుతో ఆగెడిది. మిగిలిన దూరము పుస్తకములే వచ్చెడివి.